ద్రాక్షతోటకి పరామర్శ

మధ్యధరా సముద్రం పక్కన ద్రాక్షతోటలు చూసొచ్చానని చెబితే మా ఆమదాలవలసలో అందరూ అడిగింది ఒకటే: "ఎన్ని బాటిళ్ళు తెచ్చేవు?" తోటలెలా ఉన్నాయని ఒక్కడడిగితే ఒట్టు. ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు చెప్పడం నాకు చిన్నప్పట్నించీ ఉన్న జబ్బు కాబట్టి ఇది రాస్తున్నాను. చదువుతుంటే అక్కడక్కడా పెంచి రాశానేమో అనిపించొచ్చు. నిజానికి మీరు నమ్మరని తగ్గించి రాశాను.

పందిరెక్కిన పరువు

స్టేషను రోడ్డులో నాకు నీళ్ళ మోటార్ల కొట్టుంది. మోటార్లు బాగా అమ్మిన డీలర్లని కంపెనీవాళ్ళు బార్సిలోనా తిప్పి తెస్తామన్నారు. ఒక్కొక్కరికీ రెండేసి టిక్కెట్లు. "గాల్లో వేలాడుతూ అన్నం తినడం నావల్ల కాదు" అని మా ఆవిడ తప్పుకుంది. ఆ రెండో టిక్కెట్టు మీద మా బావ కన్నేశాడు.

బావంటే మా పార్వతక్క మొగుడు. ఊరు కోటబొమ్మాళి. పేరు సూర్యనారాయణ, అరసవల్లి స్వామి పేరే. అందరూ సూరన్న అంటారు. ఏడు తరాలుగా వరి తప్ప ఇంకో పంట మొహం చూడని వంశం. అలాంటి మనిషి ఒకసారి అనంతపురం వైపు పెళ్ళికెళ్ళి, ఒక ద్రాక్షపందిరి కింద మధ్యాహ్నం కునుకు తీశాడు. లేచేసరికి మనిషి మారిపోయాడు. వస్తూనే చెరువు పక్క అరెకరంలో ద్రాక్ష వేశాడు.

మూడేళ్ళయింది. తీగలు పందిరెక్కాయి. పందిరి మీంచి తాటిచెట్టెక్కాయి. అక్కడ్నించి కరెంటు స్తంభం ఎక్కితే లైన్‌మన్ సెలవు పెట్టి అత్తారింటికి పోయాడు. ఒక్కో ఆకూ విస్తరంత. కాయ మాత్రం లేదు. గుత్తి సంగతి అలా ఉంచండి, గుండ్రంగా ఉన్న వస్తువేదీ ఆ తోటలో పుట్టలేదు.

మేం బయల్దేరే రోజుకి అక్క పెరటినిండా జీడిమామిడి మొక్కలు దింపించింది. నన్ను పిలిచి బావకి వినబడేలా చెప్పింది.

"ఒరే సత్తీ, మీ బావ ద్రాచ్చ దేశమెల్తన్నాడు కదా. అక్కడెందుక్కాస్తన్నాదో, ఇక్కడెందుక్కాయలేదో తెలుసుకుని రమ్మను. తెలుసుకోకండా వొచ్చేడంటే మరి సెప్పలేదనొద్దు, ఆ తీగలన్నీ పీకించీసి జీడిమొక్కలేయించెస్తాను. నువ్వే సాచ్చికం."

బావ భుజమ్మీద తువ్వాలు తీసి మళ్ళీ భుజమ్మీదే వేసుకున్నాడు. ఆయన ఏడవాల్సినప్పుడు అలా చేస్తాడు.

విమానంలో కిటికీ సీటు పట్టుకుని, దారిపొడుగునా కిందికి చూస్తూనే ఉన్నాడు. ఎడారి మీదుగా వెళ్తున్నప్పుడు నా మోచెయ్యి పట్టుకు ఊపేశాడు. "ఇన్నెకరాలు బీడెట్టీసినారేట్రా సత్తిబాబూ! ఈళ్ళకి అడిగీవోడు లేడేటి?"

టమాటా రుద్దిన రొట్టె

బార్సిలోనాలో కాఫీ అడిగితే ఉగ్గుగిన్నెలో తెచ్చిపెట్టారు. ఒక్క గుక్క. ఆ గుక్క ఖరీదుకి మా కొట్టు పక్క హోటల్లో ఇద్దరం ఇడ్లీ, గారె, దోసె తిని, వద్దన్నా ఇంకో చట్నీ వేయించుకోవచ్చు. బావ గిన్నె బోర్లించి అడుగున ఇంకేమైనా ఉందేమోనని చూశాడు. సర్వరు కూడా వంగి చూశాడు, మర్యాదకి.

వాళ్ళ పొద్దున్న ఫలహారం రొట్టె. దాని మీద పచ్చి టమాటా కోసి రుద్దుతారు. రుద్ది, నూనె చిలకరించి, ఉప్పు జల్లి మన ముందు పెట్టి, గొప్ప వంటకం వడ్డించిన మొహంతో నిలబడతారు.

"మీ అక్కకి నామీద కోపమొచ్చిన్రోజున ఇంతకన్నా బాగెడతాది," అన్నాడు బావ. అని నాలుగు తిన్నాడు. అయిదోది నాది లాక్కున్నాడు.

మిగతా డీలర్లంతా వంతులేసుకుని బట్టల షాపుల మీద పడ్డారు. బావకి మాత్రం ద్రాక్ష తప్ప ఏదీ కనబడదు. మేమిద్దరం ఆ గుంపులోంచి జారుకుని పెనెడెస్ అనే ద్రాక్షసీమకి రైలెక్కాం. రైలు ఎంత శుభ్రంగా ఉందంటే చెప్పులు విప్పి ఎక్కాలేమోనని బావ గుమ్మంలో ఆగిపోయాడు. పల్లీలమ్మేవాడు లేడు, సీటు కోసం కొట్టుకునేవాడు లేడు. "సచ్చిపోయినోళ్ళ రైల్లాగున్నాదిరా" అన్నాడు. చావుమాట ఆ రోజు ఆయన నోట అలా మొదలైంది. అది ఎక్కడిదాకా పోయిందో తర్వాత చెబుతాను.

ఉమ్మే చదువు

ముందుగా ఒక పెద్ద వైను కంపెనీలోకి వెళ్ళాం. భూమిలోపల పీపాల వరస. ఆ వరస ఇటు చివర తుమ్మితే అటు చివర మనిషికి రేపు వినబడుతుంది. ఒక అమ్మాయి మాకు గ్లాసుల్లో వేలెడు పోసి, తిప్పమంది. తిప్పాం. వాసన చూడమంది. చూశాం. నోట్లో పోసుకుని పుక్కిలించమంది. అదీ చేశాం. అప్పుడొక బకెట్టు చూపించి ఉమ్మమంది.

బావ బుగ్గలు పొంగించుకుని నా వైపు చూశాడు. ఆయన కళ్ళల్లో అంత దుఃఖం నేనెప్పుడూ చూళ్ళేదు. మింగేశాడు.

"ఇంత దూరమొచ్చి ఉమ్మీడమేట్రా? మనూళ్ళో కల్లుపాకలో ఉమ్మితే పాకోడు తాటికమ్మ పుచ్చుకుని తరమడేటి?"

చుట్టూ ఉన్న తెల్లవాళ్ళు కళ్ళు మూసుకుని ఒకడు నారింజ తొక్క వాసనంటాడు, ఒకావిడ వానకి తడిసిన రాయంటుంది. మీకేమనిపిస్తోందని ఆ అమ్మాయి బావనడిగింది. ఆయన ఎర్రవైను మళ్ళీ వాసన చూసి, నిజాయితీగా, "మా గొడ్లసావిడి" అన్నాడు. నాకు సిగ్గేసింది. అయినా నాకొచ్చిన మోటారు కంపెనీ ఇంగ్లీషులో మార్చి చెప్పాను. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది! పశువులకొట్టం వాసన పాత వైన్లలో ఉంటుందిట, అది పట్టడానికి ముక్కు ఉండాలిట. తడిసిన రాయి అన్నావిడ మొహం మాడ్చుకుంది. ఆ రోజంతా బావ ముక్కుని జేబురుమాలుతో తుడుచుకుంటూ జాగ్రత్తగా చూసుకున్నాడు.

అదే ఊపులో బావ తన ప్రశ్న వేశాడు. తీగ పెరుగుతుంది, కాయదు, ఎందుకూ? "నేను పొయ్యడం వరకే," అందా అమ్మాయి. "కొండ కింద రోసా అని ఒకావిడుంది. తోట సొంతంగా చేసుకుంటుంది. ఆవిణ్ణడగండి. మాట్లాడితే మీ అదృష్టం."

మొద్దుల మధ్య

కొండ కింద ఎండ మహా తెల్లగా ఉంది. మాఘమాసపు చలిలో అంత ఎండ పెట్టుకుని ఏం చేసుకుంటారో తెలీదు. ఆ ఎండలో రోసా తోట చూసి ఇద్దరం నిలబడిపోయాం.

పందిరి లేదు. ఆకు లేదు. తీగ లేదు. కనుచూపు మేర మోకాలెత్తు నల్లటి మొద్దులు, ఒకదాని వెనక ఒకటి, మెలికలు తిరిగి, చేతులు నరికేసినట్టు. వరసల మధ్య ఎండు కొమ్మలు కట్టలు కట్టి పడున్నాయి. ఆ మొద్దుల మధ్య గట్టుమీద ఒక పెద్దావిడ ఒంటరిగా కూచుంది. నెత్తిన టోపీ, కాళ్ళకి బురద బూట్లు, పక్కన కుక్క.

"ఓలమ్మో," అన్నాడు బావ గొంతు తగ్గించి. "పాపం, తోటంతా పోనాదిరా."

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంట్లో ఎవరో పోయిన చోటికి పరామర్శకెళ్తే మేం వెళ్ళగానే పలకరించం. మాట్లాడకుండా వెళ్ళి వాళ్ళ పక్కన కూచుంటాం. కాసేపయ్యాక లేచి వచ్చేస్తాం. వచ్చేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అనం. మళ్ళీ రావాలని అలాంటి ఇంటికి ఎవరనుకుంటారు?

బావ తువ్వాలు దులిపి నెత్తిన వేసుకున్నాడు. చెప్పకుండా పోయి గట్టుమీద ఆవిడ పక్కన కూచుని, నేల చూపులు చూడ్డం మొదలెట్టాడు. నేను ఇటు పక్క కూచున్నాను. ఆవిడ ఆయన వైపు చూసింది. నా వైపు చూసింది. కుక్క మా ముగ్గురి వైపూ చూసింది. కాసేపయ్యాక బావ పొడుగ్గా నిట్టూర్చి, "ఊరుకో అమ్మా, ఊరుకో. మన సేతిలో ఏటున్నాది?" అన్నాడు. ఆవిడ అప్పటికి ఊరుకునే ఉంది. రొట్టె తింటోంది.

మీరెవరని ఇంగ్లీషులో అడిగింది. బాగా వచ్చిన ఇంగ్లీషు కాదు, నా అంతే. చచ్చిపోయిన తోటకి పరామర్శకొచ్చామని నేను చెప్పాను.

రోసా నవ్వింది. ఆ నవ్వుకి కుక్క లేచి కొండెక్కేసింది. అవతలి కొండ మీద గొర్రెలు మేత మానేశాయి. "చావలేదు! పడుకున్నాయి! ఏటా చలికాలం నేనే నరుకుతాను!" అని, నవ్వు ఆపుకోలేక బావ నెత్తిమీద తువ్వాలు లాక్కుని కళ్ళు తుడుచుకుంది.

పెంకు మీద ఉల్లిపాయ

ఆ రోజు ఆదివారం. తోటలో ఇరుగుపొరుగుకి రోసా ఉల్లిపాయల విందు పెట్టుకుంది. మమ్మల్నీ కూచోమంది. "నా జన్మలో నా తోట కోసం ఏడ్చినవాడు నువ్వొక్కడివే. తినకుండా పోనివ్వను," అంది బావతో.

వాళ్ళ ఉల్లిపాయ మన ఉల్లికాడకి పెదనాన్న. బెత్తాల లెక్కన పొడుగుంటుంది. నరికిన ద్రాక్షకొమ్మలు మంటేసి అందులో బొగ్గయ్యేదాకా కాల్చి, పాత పేపర్లో చుట్టి, ఇంటిపెంకు మీద పెట్టి తెస్తారు. పెంకంటే పెంకే, మన పెంకుటిళ్ళ కప్పు మీదుండేది. ఎవరింటి కప్పు పీకి వడ్డిస్తున్నారోనని బావ ఒకసారి లేచి చుట్టూ చూసొచ్చాడు. నల్లతొక్క లాగేసి, బాదంపప్పు నూరిన ఎర్రపచ్చట్లో ముంచి, తల వెనక్కి వాల్చి, పైనుంచి నోట్లోకి దింపుకోవాలి. పిల్లలకి కట్టినట్టు మా మెడలకి గుడ్డలు కట్టారు. పచ్చడి మన వేరుశెనగ పచ్చడికి దూరపు చుట్టం, కారం ఒకటే మర్చిపోయారు.

బావ తింటున్నాడే గాని మనసక్కడ లేదు. ఫోనులోంచి తన తోట ఫొటోలు తీసి రోసా ముందు పెట్టబోయాడు. ఆవిడ చేత్తో అడ్డం పెట్టింది.

"ముందు తాగు. చొక్కా తడవకుండా తాగితే అడుగు. తడిస్తే రొట్టె తిని ఇంటికి పో. నా టేబులు దగ్గర ఎవరికైనా ఇదే పద్ధతి."

అని ఒక గాజుపాత్ర తెచ్చింది. పొట్ట లావు, పక్కకి పొడుగాటి ముక్కు. అందులో వైను. అందరూ దాంట్లోనే తాగుతారు. పెదవి తగలకూడదు. పైకెత్తి ధారగా నోట్లో పోసుకోవాలి.

ముందు నేను దిగాను. ధార నా నోటికి తప్ప అన్నిటికీ తగిలింది. ముక్కు, చెవి, చొక్కాజేబు, జేబులో పాస్‌పోర్టు. తెల్లచొక్కా మీద శ్రీకాకుళం జిల్లా మ్యాపు తయారైంది, సముద్రతీరంతో సహా. టేబులంతా ఘొల్లుమంది.

బావ ఆ పాత్రని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేట్రా, మనింట్లో కొమ్ముచెంబే కదా!"

చూడండి, మా సూరన్న బావ పుట్టిన దగ్గర్నించి ఏ చెంబుకీ గ్లాసుకీ పెదవి తగిలించిన మనిషి కాదు. ఎంగిలి. పొలం గట్టుమీద పదిమంది తాగే చెంబు అది. ఎత్తిపోసుకోవడమే ఎరుగును. ఉడుకు టీ కూడా అలాగే పోసుకుంటాడు, ఒకసారి రైలు కుదుపులో కూడా చుక్క రాల్లేదు.

పాత్ర ఎత్తాడు. ధార నోట్లో పడింది. చెయ్యి చాచాడు. ఇంకా చాచాడు. లేచి నిలబడ్డాడు. బెంచీ ఎక్కాడు, ఎందుకెక్కాడో ఇప్పటికీ తెలీదు. నోరు మూయకుండానే గుటకలు పడుతున్నాయి. వాళ్ళు చప్పట్లు మొదలెట్టి, చేతులు నొప్పెట్టి కాసేపు ఆపి, మళ్ళీ మొదలెట్టారు. ఒక ముసలాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. పాత్ర ఖాళీ అయ్యాక బావ దిగి, పొడిగా ఉన్న చొక్కా రోసాకి చూపించి, "ఇప్పుడడగమంటావేటి?" అన్నాడు.

కత్తెర

రోసా ఫొటోలు చూసింది. ఫోను దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఇది తోటా? అడవా? ఇందులో పులులున్నాయా?"

నీళ్ళెన్నాళ్ళకి పెడతావని అడిగింది. బావ ఛాతీ విరుచుకున్నాడు. "రోజూ ఎడతాను. మడి నిండా నిలబడాల. పొద్దున్నే మోటారేసెస్తాను. ఇదిగో, ఈడి కొట్లోదే." వరికి పెట్టినట్టే పెట్టాడన్నమాట. ఏడు తరాల అలవాటు మరి, మడిలో నీళ్ళు కనబడకపోతే ఆయనకి నిద్రపట్టదు.

నేను వరి సంగతితో సహా ఇంగ్లీషులో చెప్పాను, మోటారు మాట వరకు కొంచెం చిన్న గొంతుతో. రోసాకి అదే బాగా వినబడింది. నన్ను ఎగాదిగా చూసింది.

"ఈ తోటకి నీళ్ళు పోసేది దేవుడొక్కడే. ఆయనా మర్చిపోతుంటాడు. తిండీ నీళ్ళూ నిండా ఉన్న తీగకి కాయాలని ఎందుకనిపిస్తుంది? హాయిగా ఆకులేసుకుని కూచుంటుంది. దానికి కొంచెం భయం పెట్టాలి."

తోటలో ఆ వారానికింకా నరకని వరసొకటి మిగిలుంది. అక్కడికి తీసుకెళ్ళి బావ చేతిలో కత్తెర పెట్టింది. కొమ్మకి రెండు కళ్ళు, అంటే చిగురు పుట్టే కణుపులు, ఉంచి మిగతాదంతా తెగ్గొట్టమంది.

బావ కదల్లేదు.

"ఒరే సత్తిబాబూ, ఆవిడికి సెప్పు. సేత్తో ఏసి పెంచిన మొక్కమీద ఇనుమెట్టకూడదని మా తాత సెప్పినాడు. నానెప్పుడూ ఎట్టలేదు."

"వరి కొయ్యరా మీరు?" అంది రోసా.

"అది పండినాక కదా!"

"ఇది కోస్తేనే పండుతుంది."

బావ చాలాసేపు ఆ మొద్దు ముందు నిలబడ్డాడు. ఎకరాల కొద్దీ పొలం అమ్మేటప్పుడు కూడా మనిషి అంతసేపు ఆలోచించడు. చివరికి కొమ్మని తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని, కళ్ళు మూసుకుని నొక్కాడు. టక్. కళ్ళు మూసుకోవడం వల్ల తప్పు కొమ్మ తెగింది. రోసా వాళ్ళ భాషలో తిట్టింది. అది మాత్రం నేను తెలుగు చెయ్యక్కర్లేకపోయింది. రెండోసారి కళ్ళు తెరిచి కోశాడు. వరస చివరికి వచ్చేసరికి నిటారుగా నడుస్తున్నాడు.

"మీ ఎండ వేరు, నా ఎండ వేరు," అంది రోసా మేం బయల్దేరేటప్పుడు. "కాస్తుందని మాటివ్వను. కోస్తేనే తెలుస్తుంది."

బావ తోట దాటి దారిలోకొచ్చాక ఆగి, వెనక్కి తిరిగి, ఆ కొండలన్నీ వినేలా అరిచాడు: "ఎల్లొస్తామమ్మా రోసమ్మా!"

కోటబొమ్మాళి

వచ్చిన మర్నాడే బావ తన అరెకరం నరికేశాడు. పందిరి ఖాళీ. స్తంభం ఖాళీ. తాటిచెట్టు చాలాకాలానికి గాలి పీల్చుకుంది. మోటారు ఆపేశాడు. తెల్లారేసరికి చెరువు పక్కన ఉత్తి మొద్దులు మిగిలాయి. అక్క చూసి పెట్టిన కేక టెక్కలి వరకు వెళ్ళిందంటారు.

"తెలుసుకు రమ్మంటే సంపీసి వొచ్చేడేట్రా!"

కేకకి ఊరొచ్చింది. ఒకరొకరే వచ్చి, మాట్లాడకుండా, అరుగు మీద బావ పక్కన కూచున్నారు. నిట్టూర్చారు. "ఊరుకో సూరన్నా" అన్నారు. లేచి, వెళ్ళొస్తామనకుండా పోయారు. వాళ్ళందరికీ బావ ఒకటే మాట: "సావలేదర్రా, పడుకున్నాయి." పాపం, బుర్ర చెడిందనుకుని ఇంకా గట్టిగా నిట్టూర్చారు.

అక్క జీడిమొక్కలకి గోతులు తవ్వించింది. ఉగాది వరకు ఆగుతానంది. మళ్ళీ నేనే సాక్ష్యం. బావ పొద్దున్నే మొద్దుల దగ్గరికి పోయి కూచునేవాడు. నేల నెర్రెలిచ్చింది. నీళ్ళు పెట్టాలని చేతులు లాగేసేవిట, చేతుల్ని లుంగీలో దాచుకునేవాడు. నాకు ఫోను చేసి, "ఇంకేటీ లేదురా" అని పెట్టేసేవాడు. రోజూ అదే మాట. నాక్కూడా భయమేసింది.

ఉగాది ముందు ఒక పొద్దున్న ఫోను చేసింది అక్క.

"ఒరే సత్తీ, ఆ మొద్దులకి సిగుళ్ళొచ్చినాయి. సిగురులో ఆవగింజల్లాగ ఏటో గుత్తిగున్నాది. కళ్ళజోడెట్టుకుని సూసేను. అదేనేట్రా?"

అదే.

కాయలు వేసవి చివర్లో వచ్చాయి. గుత్తులు తక్కువే, గింజలు చిన్నవి, పులుపు మాత్రం చింతకాయ దణ్ణం పెట్టే పులుపు. ఒక్కటి నోట్లో వేసుకుంటే రెండు చెవులూ దగ్గరికొచ్చి మాట్లాడుకున్నాయి. బావ మొహం వాడిపోయింది. అక్క మాత్రం ఇంకోటి నమిలి, ఏదో ఆలోచించుకుని వంటింట్లోకి పోయింది. ఆ మధ్యాహ్నం చేపల పులుసులో చింతపండుకి బదులు ద్రాక్ష నలిపి పోసింది. తిన్నవాళ్ళెవరూ మళ్ళీ పాత పులుసు మాటెత్తలేదు. సాయంత్రం అక్క జీడిమొక్కలు వీధిలో అందరికీ పంచిపెట్టింది. తీసుకోవడానికి వచ్చినవాళ్ళంతా పందిరి చూసి, పులుసు రుచి చూసి, పోయేటప్పుడు గట్టిగా, "ఎల్లొస్తాం సూరన్నా" అని మరీ వెళ్ళారు.

ఆ మర్నాడు నా కొట్టు ముందు ఆటో ఆగింది. అందులోంచి బావ తోట మోటారు దిగింది, పైపులతో సహా. వెనక బావ దిగాడు. మోటారుని నా ముందు పెట్టించి, తువ్వాలు దులిపి నెత్తిన వేసుకున్నాడు. పలకరించకుండా వచ్చి నా పక్కన బల్ల మీద కూచున్నాడు. షెల్ఫుల్లో అమ్ముడుపోకుండా ఉన్న మోటార్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూశాడు. పొడుగ్గా నిట్టూర్చాడు.

"ఊరుకో సత్తిబాబూ, ఊరుకో. మన సేతిలో ఏటున్నాది?"

పులుసు క్యారియరు నా చేతిలో పెట్టి, లేచి, వెళ్ళొస్తాననకుండా వెళ్ళిపోయాడు.